మావాడు 180 గంటలు ఎక్కడ తిరిగాడు?

2020 ఏప్రిల్ నెల. సర్క్యూట్ బ్రేకర్ రోజులు. బడీ ఇంట్లోనే, ఆఫీసూ ఇంట్లోనే. ఓ రాత్రి రెండు గంటలకు మంచినీళ్ల కోసం లేచాను. ఐదో తరగతి చదువుతున్న మావాడి గదిలో దుప్పటి కింద నుంచి నీలం వెలుతురు కనిపించింది. దుప్పటి లాగి చూస్తే చేతిలో నింటెండో స్విచ్! అంతకు ముందు డిసెంబరు సెలవుల్లో నేనే ముచ్చటపడి కొనిచ్చాను.

ఆడిన సమయం ఎంతో చూస్తే, ఒకే ఒక్క ఆట పక్కన 180 గంటలకు పైనే అని ఉంది. గుండె గుభేలుమంది. రాత్రీ పగలూ కలిపి లెక్కవేస్తే ఏడున్నర రోజులు! వచ్చే ఏడాదే పీఎస్ఎల్ఈ పరీక్ష.

తెల్లారగానే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు ఏడవలేదు, అలగలేదు. మూడు రోజులపాటు అన్నం దగ్గర కూడా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగో రోజు మా ఆవిడ అడిగింది: "తాళం వేశారు సరే. వాడు అందులో ఏం చేస్తున్నాడో ఒక్కసారైనా కూర్చుని చూశారా?"

చూడలేదు. ఆ శనివారం తాళం తీసి, "నాకూ చూపించరా" అంటూ వాడి పక్కన కూర్చున్నాను.

మిరపకాయ తింటే చలి ఉండదు!

ఆ ఆట పేరు 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'. 2017 మార్చి 3న స్విచ్‌తో పాటే విడుదలైంది. కథ మన చందమామ చదివినవాళ్లకు కొత్తేమీ కాదు. లింక్ అనే వీరుడు వందేళ్ల నిద్ర నుంచి లేస్తాడు. హైరూల్ రాజ్యాన్ని పట్టి పీడిస్తున్న దుష్టశక్తిని ఓడించి, రాకుమారిని విడిపించాలి.

కానీ ఫలానా దారినే వెళ్లమని ఎవరూ చెప్పరు. ఇలాంటివాటినే ఓపెన్ వరల్డ్ ఆటలంటారు. కనిపించిన కొండ ఎక్కవచ్చు, గుర్రాన్ని మచ్చిక చేసుకోవచ్చు, కథను పక్కన పెట్టి వంట చేసుకుంటూ కూర్చోవచ్చు. వాన పడితే రాళ్ల మీద కాలు జారుతుంది. మంచుకొండల్లో చలికి ఆగాలంటే మిరపకాయలు వేసి వండుకు తినాలి. అది చూసి "వీడు మనవాడేరా!" అన్నాను. మూడు రోజుల తర్వాత మావాడు నవ్వాడు.

"ఇందులో నీకు అంత నచ్చిందేమిటిరా?" అని అడిగాను.

"ఇక్కడ ఎటు వెళ్లాలో నేనే చూసుకోవచ్చు నాన్నా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. సోమవారం లెక్కల ట్యూషన్, బుధవారం హిందీ, శనివారం కీబోర్డు. లాక్‌డౌన్‌లో అవన్నీ జూమ్‌లోకి మారాయే తప్ప ఆగలేదు. వాడి రోజులో వాడే నిర్ణయించుకునే గంట ఒక్కటీ లేదు.

మా అమ్మమ్మగారి ఊరు, మియమోతో గారి ఊరు

నా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊళ్లో చద్దన్నం తిని బయటపడితే మళ్లీ ఆకలేసినప్పుడే ఇల్లు గుర్తొచ్చేది. కాలవగట్టు, మామిడితోపు, పాడుబడ్డ గుడి, అన్నీ మావే. ఎన్ని గంటలు తిరిగామో ఎవరూ లెక్కపెట్టలేదు.

జెల్డా సృష్టికర్తల్లో ఒకరైన షిగెరు మియమోతో బాల్యమూ అలాంటిదే. క్యోటో దగ్గరి సోనొబే అనే ఊళ్లో కొండలూ గుహలూ తిరుగుతూ పెరిగాడు. 1986లో వచ్చిన మొదటి జెల్డాకు ఆ తిరుగుళ్లే ప్రేరణ అని ఆయనే చెప్పాడు. అంటే ఊరంతా తిరిగిన ఒక పిల్లవాడి జ్ఞాపకాన్ని, ఫ్లాట్‌లో పెరుగుతున్న ఇంకో పిల్లవాడు అద్దెకు తెచ్చుకుని తిరుగుతున్నాడన్నమాట.

అలాగని రాత్రి రెండింటి ఆటను నేను సమర్థించడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'గేమింగ్ డిజార్డర్'ను 2019లో వ్యాధుల పట్టికలో చేర్చింది. ఆ వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఇన్ని గంటలు దాటితే జబ్బు అన్న లెక్క లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం, సాధారణంగా ఇవి ఏడాది పాటు కొనసాగడం - చూడవలసినవి ఇవీ.

మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. శని, ఆదివారాల్లో రెండేసి గంటలు. రాత్రి స్విచ్ హాల్లోనే ఉండాలి. ఆపమన్నాక సేవ్ చేసుకోవడానికి పది నిమిషాలు గడువు. తల్లిదండ్రుల కోసం నింటెండో ఇచ్చే ఫోన్ యాప్‌లో రోజువారీ పరిమితి పెట్టాను. కీబోర్డు క్లాసు మానిపించాను. నిజం చెప్పొద్దూ, ఒప్పందాన్ని మొదట తప్పింది నేనే! ఒక కొండ ఎక్కలేక పంతం పట్టి రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని, మా ఆవిడకు దొరికిపోయాను.

163 మీటర్ల హిమాలయం

ఆంక్షలు సడలాక ఒక ఆదివారం వాణ్ణి బుకిట్ తీమా కొండకు తీసుకెళ్లాను. సింగపూర్‌లో అన్నిటికన్నా ఎత్తైన సహజమైన కొండ అది. ఎత్తు 163 మీటర్లు. పైన ఆ అంకె చెక్కిన రాయి దగ్గర నిలబడి మావాడు "ఇంతేనా నాన్నా?" అన్నాడు. నా ఉత్సాహం నీరుగారిపోయింది.

తర్వాత అటూ ఇటూ చూసి, "దిగేటప్పుడు ఇంకో దారిలో వెళ్దామా? ఎటో నేను చెప్తాను" అన్నాడు.

సరేనన్నాను. ఫోన్ జేబులోంచి తీయలేదు. వాడు ముందు, నేను వెనక. రెండుసార్లు తప్పు మలుపు తిరిగాం. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ఇప్పుడు వాడు నాకన్నా పొడుగు. ఆ స్విచ్ ఎప్పుడో మూలపడింది. పులావ్ ఉబిన్‌కు వెళ్లి సైకిల్ అద్దెకు తీసుకున్నప్పుడు మాత్రం దారి ఇప్పటికీ వాడిదే.

పిల్లలూ, అమ్మానాన్నలను ఓసారి పక్కన కూర్చోబెట్టుకుని మీ ఆట చూపించండి. పెద్దలూ, తాళం వేసే ముందు కాసేపు కూర్చోండి. కాకపోతే గడియారం మీద ఓ కన్నేసి ఉంచండి, నా అనుభవంతో చెబుతున్నాను!