చూసే కంటికి కొన్ని మాటలు

లెక్కలకు ఎక్కాలున్నాయి. భాషకు వ్యాకరణం ఉంది. చిత్రకళకూ డిజైన్‌కూ అలాంటి ప్రాథమిక పాఠం ఒకటి ఉందన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ‘ఆ అబ్బాయి చేతిలో పనితనం ఉంది’, ‘ఆ అమ్మాయికి అల్లా ఇచ్చిన వరం’ అని మెచ్చుకుని అక్కడితో వదిలేస్తాం. చేతిలో పనితనం అల్లా ఇచ్చినదే. ఆ చేతికి దారి చూపే మాటలు మాత్రం బడిలో నేర్పవలసినవి.

మన ఇళ్లలో చేతి పనులకు కొదవ లేదు. జరీ పని, టైలరింగ్, మెహందీ, వడ్రంగం, ఇనుప గేట్ల వెల్డింగ్, సైన్‌బోర్డులు, షాదీ కార్డుల ప్రింటింగ్. ఇవన్నీ దృశ్యకళ కిందికే వస్తాయి. పిల్లలు ఇంట్లో చూసి పని నేర్చుకుంటారు. కానీ చేసే పనికి పేర్లు తెలియకపోవడం వల్ల ఎవరో ఇచ్చిన డిజైన్‌ను దించడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. డిజైన్ చేసేవాడికీ దాన్ని దించేవాడికీ కూలిలో ఎంత తేడా ఉంటుందో ఈ వ్యాపారాల్లో ఉన్న దాతలకు నేను చెప్పనక్కర్లేదు.

‘డ్రాయింగ్ అంటే బొమ్మలు వేయడమే కదా, మనకెందుకు?’ అని కొందరు పెద్దలు అడుగుతారు. ప్రాణుల బొమ్మల విషయంలో ఎవరి జాగ్రత్త వారికుంటుంది. దాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. అక్షరం, లత, రేఖాగణితం, కట్టడం, బట్ట మీది అచ్చు, లోహపు పని, ఇవన్నీ ఆ చర్చకు బయటే ఉన్నాయి. ముస్లిం కళాకారులు ప్రపంచానికి ఇచ్చిన గొప్ప పనిలో ఎక్కువ భాగం వీటిలోనే ఉంది. కింద చెప్పే ఉదాహరణలన్నీ వాటి నుంచే తీసుకున్నాను.

ఏడు మూల పదాలు

ఏ డిజైన్‌ను విడదీసి చూసినా అందులో ఉండేవి ఏడు: గీత, ఆకారం, రూపం, రంగు, వెలుగునీడలు, స్పర్శ, ఖాళీ.

గీత అంటే కదిలిన చుక్క. నిలువు గీత నిటారుగా నిలబడినట్టు కనిపిస్తుంది. అడ్డగీత విశ్రాంతిగా ఉంటుంది. ఏటవాలు గీతలో కదలిక ఉంటుంది. ‘అలిఫ్’ రాసి, పక్కనే ‘బే’ రాసి చూడండి. ఒకటి నిలబడుతుంది, ఒకటి పడుకుంటుంది.

గీత తిరిగి వచ్చి తన మొదలును కలుసుకుంటే ఆకారం అవుతుంది. కంపాస్‌తో ఒక వృత్తం గీసి, అందులో ఒక చతురస్రం గీయండి. దాని మీద సగం లంబకోణం తిప్పి, అంటే 45 డిగ్రీలు తిప్పి, మరో చతురస్రం గీయండి. ఎనిమిది మొనల నక్షత్రం వస్తుంది. ముస్‌హఫ్ అంచుల్లోనూ మసీదు జాలీల్లోనూ మనం చూసే ఎన్నో అల్లికలు ఇలాంటి నక్షత్రం నుంచే మొదలవుతాయి.

ఆకారానికి పొడవు, వెడల్పు ఉంటాయి. దానికి లోతు కూడా తోడైతే రూపం. కాగితం మీద వృత్తం ఆకారమైతే గుంబద్ రూపం. చతురస్రం ఆకారమైతే దాని కింది కట్టడం రూపం.

రంగుల్లో ఎరుపు, పసుపు, నీలం మూలమైనవని బడిలో చెబుతాం. వాటిని కలిపితే నారింజ, ఆకుపచ్చ, ఊదా వస్తాయి. ఎరుపు, నారింజ, పసుపు వెచ్చగా కనిపించి ముందుకు వచ్చినట్టుంటాయి. నీలం, ఆకుపచ్చ చల్లగా ఉండి వెనక్కి జరిగినట్టుంటాయి.

వెలుగునీడలంటే ఒక రంగు ఎంత లేతగా ఉంది, ఎంత ముదురుగా ఉంది అన్న లెక్క. దీన్ని మరిచిపోవడం వల్లే మన ఫ్లెక్సీలు చాలా చెడిపోతున్నాయి. ముదురు ఆకుపచ్చ నేల మీద ఎర్రటి అక్షరాలు వేస్తారు. రంగులు వేరే అయినా ముదురుదనం దాదాపు ఒకటే కాబట్టి దూరం నుంచి అక్షరం చదవలేం. పరీక్ష సులువు. ఫ్లెక్సీని ఫోన్‌తో ఫోటో తీసి నలుపు తెలుపుగా మార్చి చూడండి. అక్షరాలు నేలలో కలిసిపోతే రంగు మార్చక తప్పదు.

స్పర్శ అంటే పైభాగం గరుకా నునుపా అన్నది. దాన్ని కన్ను కూడా పట్టుకుంటుంది. మక్కా మసీదులో గ్రానైట్ రాయి బరువును, గట్టిదనాన్ని చూపిస్తుంది. చార్మినార్ మీద సున్నపు గచ్చుతో చేసిన పువ్వులు, నగిషీలు మెత్తగా కనిపిస్తాయి.

చివరిది ఖాళీ. మనం ఎక్కువ నిర్లక్ష్యం చేసేదీ ఇదే. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్‌ను ఎదురుగా నిలబడి చూడండి. ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు. అందులో కమాను వెడల్పే సుమారు 11 మీటర్లు. అంటే కింద గోడ కన్నా ఖాళీయే ఎక్కువ. ఆ ఖాళీ వల్లే అంత బరువైన కట్టడం తేలికగా కనిపిస్తుంది, నాలుగు దిక్కుల వీధులూ దాని గుండా కలుస్తాయి. ఖాళీ అంటే వృథా అయిన చోటు కాదు. అది కూడా డిజైన్‌లో భాగమే.

కూర్చే సూత్రాలు

ఇవి వంటింటి సరుకుల్లాంటివి. సరుకులుంటే చాలదు, పాళ్లు తెలియాలి. ఆ పాళ్లనే డిజైన్ సూత్రాలు అంటారు. ముఖ్యమైనవి ఆరు.

మొదటిది తూకం. చార్మినార్‌ను మధ్యకు మడిస్తే కుడి సగం ఎడమ సగం మీద సరిగ్గా కూర్చుంటుంది. జానమాజ్‌ను చూడండి. అక్కడ కూడా కుడి ఎడమలు ఒకటే, కానీ పైభాగం, కింది భాగం వేరు. పైన మెహరాబు ఆకారం ఉంటుంది. ఆ తేడా వల్లే ఏ వైపు పరచాలో పిల్లవాడికి కూడా తెలుస్తుంది. రెండు వైపులా ఒకేలా లేకుండానూ తూకం కుదురుతుంది. ఒక పక్క పెద్ద లేత రంగు పువ్వు, మరో పక్క చిన్న ముదురు రంగు పువ్వు పెడితే కంటికి రెండూ సమానంగానే తూగుతాయి.

రెండోది లయ. ఒకే ఆకారం కొలిచినట్టు మళ్లీ మళ్లీ రావడమే లయ. చార్మినార్ పెద్ద కమాను పైన వరుసగా వచ్చే చిన్న కమానుల్లో అది ఉంది. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం చేసేవారి పని అంతా లయ మీదే నడుస్తుంది. చెక్క అచ్చును ఒకసారి వేసిన చోటుకు ఆనించి మళ్లీ వేయాలి. వెంట్రుకవాసి జరిగినా లత తెగుతుంది. రంగు మారితే అచ్చూ మారుతుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఈ బట్ట పర్షియాకు వెళ్లేది. ‘కలంకారీ’ అన్న పేరే పారసీ మాట.

మూడోది నిష్పత్తి, అంటే ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య కొలత. 940లో మరణించిన ఇబ్న్ ముక్లా బాగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫాల దగ్గర వజీరుగా పనిచేశారు. అరబ్బీ రాతకు కొలతలు పెట్టినవాడిగా ఆయనకు పేరు. కలం మొనను కాగితం మీద ఆనిస్తే పడే చుక్క, అంటే నుఖ్తా, కొలబద్ద. అలిఫ్ ఎత్తు ఇన్ని నుఖ్తాలు, ఆ అలిఫ్ వ్యాసంగా గీసిన వృత్తాన్ని బట్టి మిగిలిన అక్షరాల వంపులు. కలం సన్నదైనా లావైనా ఈ కొలత మారదు. మన టైలర్లు ఛాతీ కొలతను బట్టి చంక, మెడ కొలతలు లెక్కకట్టడం కూడా ఇదే సూత్రం.

నాలుగోది వైరుధ్యం. బీదర్ నగరపు బిద్రీ పనిలో దీన్ని ఒక్క చూపులో పట్టుకోవచ్చు. తుత్తునాగం ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి పాత్రను పోతపోస్తారు. దాని మీద గీతలు చెక్కి వెండి తీగ పొదుగుతారు. తర్వాత బీదర్ కోటలోని పాత మట్టిని నవాసారంతో కలిపి పూస్తారు. పాత్ర నల్లబడుతుంది, వెండి నల్లబడదు. నలుపు పక్కన ఉంది కాబట్టే ఆ వెండి అంతలా మెరుస్తుంది.

అయిదోది ప్రాధాన్యం. చూసేవారి కన్ను మొదట ఎక్కడ ఆగాలో డిజైన్ చేసేవారే నిర్ణయించాలి. రక్తదాన శిబిరం పోస్టర్‌లో మొదట కనిపించవలసినవి శిబిరం పేరు, తేదీ, చోటు. ఇరవై ఫోటోలు ఒకే సైజులో పెట్టి తేదీని అడుగున ఇరికిస్తే పోస్టర్ ఖర్చు అయింది గాని పని కాలేదు. అన్నీ ముఖ్యమైతే ఏదీ ముఖ్యం కాదు.

ఆరోది ఏకత్వం. హైదరాబాద్‌లోని కుతుబ్ షాహీ సమాధుల తోటలో కట్టడాలు చిన్నవీ పెద్దవీ ఉన్నాయి. చాలావాటి కింది భాగం చతురస్రం, జంషీద్ కులీ సమాధి మాత్రం ఎనిమిది కోణాలది. అయినా పూరేకుల మీద కూర్చున్నట్టుండే గుంబదులు, కమానులు చూడగానే అన్నీ ఒక్క కుటుంబానివని తెలుస్తుంది. వేరుగా ఉంటూనే కలిసి ఉండడమే ఏకత్వం.

మాటలు వస్తే ఏమవుతుంది?

నా తరగతిలో మెహందీ బాగా పెట్టే అమ్మాయి ఒకరు ఉండేది. తన డిజైన్ చూపించి, ‘బాగా రాలేదు టీచర్, ఎందుకో తెలియట్లేదు’ అనేది. ఈ పదాలు కొన్ని వారాలు చెప్పుకున్నాక అదే అమ్మాయి, ‘బరువంతా వేళ్ల దగ్గరే పడింది, అరచేతిలో ఖాళీ చాలలేదు’ అంది. చెయ్యి అదే, కోన్ అదే. కానీ తప్పు ఎక్కడుందో ఇప్పుడు తనకు తెలుసు, కాబట్టి దిద్దుకోగలదు. ఇంకొకరికి నేర్పగలదు. కస్టమర్‌కు వివరించి తగిన ధర అడగగలదు.

ఈ మాటలు పరీక్ష హాల్లో కూడా అక్కరకొస్తాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు నిర్వహిస్తుంది. ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో అప్లైడ్ ఆర్ట్, పెయింటింగ్, శిల్పం, యానిమేషన్ వంటి డిగ్రీ కోర్సులున్నాయి. బట్టల డిజైన్‌కు నిఫ్ట్, వస్తువుల డిజైన్‌కు ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్.ఐ.డి. ఉన్నాయి. ఇంటర్‌లో లెక్కలు చదివినవారికి ఆర్కిటెక్చర్ కూడా ఉంది. వీటి ప్రవేశ పరీక్షల్లో చూసేది చెయ్యి ఒక్కటే కాదు, చూసినదాన్ని ఆలోచించి చెప్పగల శక్తి కూడా. జరీ పనివారి కొడుకు, టైలర్ కూతురు ఈ పరీక్షలకు సగం తయారయ్యే పుడతారు. ఆ పరీక్షలున్నాయని చెప్పేవారు లేకే మిగతా సగం ఆగిపోతుంది.

దాతలకు ఒక విన్నపం

మీరిచ్చే ఫీజులు, పుస్తకాలు, బ్యాగులు ఎన్నో ఇళ్లలో దీపాలు వెలిగిస్తున్నాయి. ఆ జాబితాలో మరో మూడు చేర్చమని కోరుతున్నాను. ఒకటి, ప్రతి బిడ్డకూ మంచి కంపాస్ బాక్స్, డ్రాయింగ్ పుస్తకం, ఒక రంగుల డబ్బా. రెండు, ట్యూషన్ సెంటర్లలో వారానికి ఒక గంట డ్రాయింగ్ టీచర్, సంవత్సరానికి ఒకసారి చార్మినార్‌కో పెడనకో పిల్లల ప్రయాణం. మూడు, డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్షలు రాసేవారికి దరఖాస్తు ఫీజు, శిక్షణ ఖర్చు.

మీలో ప్రింటింగ్ ప్రెస్, బట్టల దుకాణం, ఫర్నిచర్ వర్క్‌షాపు నడిపేవారుంటే డబ్బుతో పాటు ఇంకొకటి కూడా ఇవ్వవచ్చు. సెలవుల్లో నలుగురు పిల్లలను పిలిచి పని జరిగే చోట కూర్చోబెట్టండి. ఇక్కడ తూకం ఎందుకు కుదిరింది, ఇక్కడ ఖాళీ ఎందుకు వదిలాం అని మీ మాటల్లోనే చెప్పండి. ముప్పై ఏళ్ల అనుభవంతో మీరు చెప్పే ఆ నాలుగు ముక్కలు మా పాఠ్యపుస్తకాల్లో దొరకవు.