మధుమేహము - చర్మరక్షణము

ఖమ్మము మెట్టపొలములకును భద్రాచలపు అడవులకును నడుమనున్న దమ్మపేట మండలము నేడు ఆయిల్‌పామ్ తోటలకు పేరుపొందినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరిన యీ మండలమునందలి అప్పారావుపేటలో గెలలనుండి నూనెదీయు కర్మాగారము కలదు. తోటలలో గెలలు కోయుటకును, మట్టలు నరకుటకును, మందు కొట్టుటకును చుట్టుపట్ల గ్రామములనుండియు కోయగూడెములనుండియు కూలీలు వచ్చుచుందురు. మట్ట మొదటనుండు ముండ్లు ఎంత వాడియైనవో తోటగలవారికి మేము చెప్పనక్కరలేదు. ముల్లు గ్రుచ్చుకొనగానే ‘అబ్బా’ యని కాలెత్తువానిని గూర్చి మాకంత విచారము లేదు. గ్రుచ్చుకొన్న సంగతియే యెరుగక ప్రొద్దుగ్రుంకువరకు నడచువాని గతియే మమ్ము కలవరపెట్టుచున్నది.

మధుమేహము పట్టణవాసులకును, కూర్చుండి తినువారికిని మాత్రమే వచ్చు జబ్బని మనలో పలువురు ఇంకను తలంచుచున్నారు. భారత వైద్యపరిశోధన మండలివారు దేశమంతట జరిపించిన పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. పెద్దవారిలో నూటికి 11.4 మందికి, అనగా పదికోట్లకు పైబడినవారికి, ఈ వ్యాధి కలదని తేలినది. పట్టణములలో నూటికి 16.4, పల్లెలలో 8.9. పల్లెలోను ఇంచుమించు పదునొకండుగురిలో నొకరన్నమాట.

ఈ వ్యాధి చర్మమును ఏమిచేయును? మన చర్మపు పైపొర గోడవంటిది. ఎండిన కణములు ఇటుకలు. వాని నడుమనుండు కొవ్వుపదార్థము సున్నము. ఒడలిలోని నీటిని బయటికి బోనీయక, బయటి విషమును లోనికి రానీయక యీ గోడయే కాచుచున్నది. మధుమేహము రాగానే గోడ కూలునని భయపడుట పొరపాటు. తోలు చెక్కుచెదరకున్నంతకాలము నీరు వెలికిబోవుట ఇతరులకంటె హెచ్చుగా నుండదని పరీక్షలు చూపినవి. కాని పైపొరయందు తేమయు, జిడ్డును తగ్గును. మరియు ఎలుకలయందు పైపొరను కొంత తొలగించి చూడగా, రక్తమున శర్కర చిరకాలము హెచ్చుగానున్న వానిలో గోడ తిరిగి కుదురుకొనుట ఆలస్యమైనది. అనగా చిక్కు గోడ నిలుచుటలో కంటె, పడిన గండిని పూడ్చుటలోనే యున్నది.

కాలివద్దకు వచ్చుసరికి కీడు మరింత ముదురును. చెమటను నడపు నాడులు చెడుటచే పాదములు చెమ్మగిల్లుట మానును. తోలు ఎండి మడమలు పగులును. స్పర్శనెరుగు నాడులును చెడుటచే ఆ పగుళ్లు నొప్పిపెట్టవు. రక్తనాళములు సన్నగిల్లుటచే పుండునకు కావలసిన రక్తమందదు. ఒకటి ద్వారము తెరచును. రెండవది కావలివానిని నిద్రపుచ్చును. మూడవది సాయమును రానీయదు. పుండు కుళ్లి కాలు తీయవలసివచ్చుట తరచుగా నిట్లే సంభవించును.

ఇక పురుగుమందుల మాట. తోలెల్ల యొకటియే మందమున నుండదు. పారాథియానను విషము మానవచర్మమున నెంత యింకునో అమెరికాలో మైబాక్ మొదలగువారు పరీక్షించి 1971లో ప్రకటించిరి. ముంజేతినుండి నూటికి 8.6 పాళ్లు, కడుపునుండి 18.5, చంకనుండి 64 పాళ్లు, వృషణముల తోలునుండి ఇంచుమించు పూసినదంతయు లోనికి బోయినది. ఇవి చెక్కుచెదరని తోలునకు సంబంధించిన లెక్కలు. పగిలిన తోలు ఇంతకంటె సులువుగ దారియిచ్చును. వీపుమీది డబ్బా కారి పంచె తడిసినను, ‘పని ముగియనిమ్ము, ఇంటికేగి స్నానము చేయవచ్చు’నను యజమానులను మేమెరుగుదుము. ఆ పంచెను తక్షణమే విప్పించి సబ్బుతో కడిగించుట దయాధర్మము కాదు, యజమాని విధి. చేతితొడుగులును, మోకాలివరకు వచ్చు రబ్బరు బూట్లును మందుతోపాటు కొనవలసిన సరకులేకాని కూలివాడు తెచ్చుకొనవలసినవి కావు.

చెరుపు చేయునది ఇంత సులభముగ లోనికి బోవుచుండ, మేలుచేయు ఇన్సులిను మాత్రము పైపూతవలన లోనికి బోదు. సాధారణముగా అణుభారము 500కు లోబడిన పదార్థములే చర్మమును దాటగలవు, ఇన్సులినుది 5,800. కావున దానిని సూదితో తోలుక్రిందికి ఎక్కింపవలసినదే. అరికాళ్లకు రాచుకొన్న చక్కెర దిగునని సంతలో నమ్ము లేపనములకు డబ్బు పోయుట వృథా. సూదియైనను నిత్యమొకచోటనే పొడిచినచో అచ్చట కొవ్వు గడ్డకట్టి, మందు ఒకనాడు మెల్లగా, ఒకనాడు వేగముగా రక్తమున జేరును. పొడిచినచోట కాపడము పెట్టినను వేడిచే త్వరగా ఇంకి, శర్కర హఠాత్తుగా పడిపోయి, వణకును ముచ్చెమటలును కలుగవచ్చును.

స్పర్శ తప్పిన కాళ్లకు కాపడము మరియు ప్రమాదకరము. నిప్పుసెగకు తోలు కాలినను రోగికి తెలియదు. కాళ్లు కడుగు నీటివేడిని స్పర్శ చెడని వేరొకరి చేతితో చూపింపవలయును. మడమలకు నూనె రాయుట మంచిదే కాని వ్రేళ్ల సందులలో రాయరాదు. అచ్చట తడి నిలిచి తామర పుట్టును. రాత్రి పండుకొనుటకు ముందు అరికాళ్లను అద్దమున జూచుకొనుటయో, ఇంటిలోని పిల్లలచే చూపించుకొనుటయో అలవాటు కావలయును.

స్పర్శ యున్నదో లేదో తెలిసికొనుటకు గొప్ప యంత్రములక్కరలేదు. వంగునప్పటికి 10 గ్రాముల ఒత్తిడి కలిగించు నైలాను పోగునొకదానిని కన్నులు మూసికొన్న రోగి అరికాలికి అక్కడక్కడ తాకించి, ‘తెలిసినదా?’ యని అడుగుదురు. తోటలు గలవారు ఏటికొకసారి వైద్యుని రావించి, కూలీలందరి రక్తమున శర్కర చూపించి, అది హెచ్చుగానున్నవారి కాళ్లకీ పరీక్ష చేయింపవచ్చును. ఒక్కొక్కరికి పట్టు కాలము అయిదు నిమిషములు.