నాటుకోడి ఈకతో దొంగ పరిగె: కుంటలో దూరిన కొర్రమీనుకు విషం లేని విరుగుడు

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మన అనంతపురంలో నీటికుంటే చీనీ చెట్టుకు ప్రాణం. అదే నీళ్లలో బొచ్చె, రాగండి పిల్లలు వదిలితే నాలుగు రూపాయలు అదనంగా వస్తాయి. కానీ కాలువ నీళ్లతోనో, వానకు తడిసిన నేల మీద పాకుతూనో ఒక కొర్రమీను లోపలికి దూరిందంటే, మన పిల్లలన్నీ దానికి మేతే.

దీనికి మామూలుగా చెప్పే మందులు ఇప్పపిండి, బ్లీచింగ్ పౌడర్. అవి పిల్లలు వదలకముందు వాడేవి. వదిలాక వేస్తే మన చేపలూ చస్తాయి. కుంట ఎండబెడదామంటే ఎండాకాలం చెట్టుకు నీళ్లేవీ? వల లాగితే అడుగున పరిచిన షీటు చిరుగుతుంది. ఇంక మిగిలింది గాలమే.

పరిగెలాగా కనిపించే ఈక గాలం ఇంట్లోనే కట్టుకోవచ్చు. ఇంగ్లాండులో యార్క్‌షైర్ రైతుల వాగుల్లో ఇట్లాంటి మెత్తటి ఈకల గాలాలు పాతకాలం నుంచీ ఉన్నాయి. వాటి మీద టి.ఇ. ప్రిట్ 1885లోనే పుస్తకం వేశాడు. వాళ్లు పురుగులాగా కడతారు, మనం చేపలాగా కడదాం.

కావలసినవి: పెద్ద గాలం, తెల్ల మేక వెంట్రుకలు, తెల్ల గొర్రె ఉన్ని, ధర్మవరం మగ్గాల దగ్గర మిగిలే వెండిరంగు జరీ, నల్ల దారం, పెట్టకోడి రొమ్ము ఈక ఒకటి, గోళ్ల రంగు.

1. గాలం వంపు దగ్గర మేక వెంట్రుకలు తోకలాగా కట్టండి. అక్కడే నల్ల దారం నాలుగు చుట్లు వేయండి. పరిగెకు తోక మొదట్లో ఉండే నల్లచుక్క అదే.
2. ఉన్నిని ముందుకు చుట్టుకుంటూ రండి. దానిమీద జరీని ఎడంగా చుట్టండి.
3. ముందు కొన దగ్గర ఈకను కొసతో కట్టి రెండు, మూడు చుట్లే తిప్పండి. పోగులన్నీ వెనక్కి దువ్వి దారంతో బిగించండి.
4. ముడి మీద గోళ్ల రంగు పూయండి. ఆరాక రెండు పక్కలా కన్ను చుక్క పెట్టండి.

పుంజు మెడ ఈక వద్దు. అది బిరుసు, నీళ్లలో కదలదు. పెట్ట ఈక తడిసి మెత్తబడుతుంది. లాగితే ముడుచుకుంటుంది, ఆపితే విచ్చుకుంటుంది. చేప రెక్క ఆడించినట్టే ఉంటుంది. నెమలి, అడవికోడి జోలికి మాత్రం పోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటి వేట నేరం.

పొద్దున్నే, లేదా పొద్దుగూకే వేళ, గట్టు వారగా వేయండి. జానెడు లాగి ఆపండి, మళ్లీ లాగండి. కొర్రమీను గాలి కోసం పైకొస్తుంది కాబట్టి అది ఎక్కడ తిరుగుతోందో ముందు చూసుకోండి. ఈక తిప్పే పద్ధతి వీడియోలో నిదానంగా చూపించాను.

చేతికొచ్చిన కొర్రమీను సంతలో బతికుండగానే అమ్మితే మంచి ధర. కుంటలో పిల్లలూ మిగులుతాయి, నీళ్లలో విషమూ పడదు.