పట్టీలో పేరు: వాడ చర్చిలో ఆగమన కాలం నుంచి ప్రత్యక్షత పండుగ దాకా

గరిడేపల్లి మండలం సాగర్ ఎడమకాల్వ కింది వరినేల. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమ ఉన్న ఈ ఊళ్లలో నవంబరు ఆఖరు నుంచి జనవరి దాకా వానాకాలం వడ్లు అమ్ముకోవడం, యాసంగి నార్లు, నాట్లు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే వాడల్లోని చర్చీలకు కాగితపు నక్షత్రాలు వేలాడుతాయి, మైకుల్లో పాటలు మొదలవుతాయి. బయటివాళ్లకు ఇదంతా ఒకటే పండుగ, క్రిస్మస్. కానీ ఆరాధనా క్రమంలో ఇవి మూడు కాలాలు. వీటిల్లో ఏమున్నది, దళితులకు వీటితో పనేమిటి అన్నదే ఇక్కడ మా చర్చ. క్రైస్తవులు కాని కార్యకర్తలు, విద్యార్థులు కూడా చదువుతారు గనక మొదటి నుంచీ చెబుతాం.

క్రైస్తవ ఆరాధనా సంవత్సరం జనవరిలో కాక ఆగమన కాలంతో మొదలవుతుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు అందులోవి. మొదటిది నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య పడుతుంది. ఇది ఎదురుచూపుల కాలం. డిసెంబరు 25 నుంచి పన్నెండు రోజులు క్రిస్మస్ కాలం. జనవరి 6న ప్రత్యక్షత పండుగ, తూర్పు నుంచి జ్ఞానులు నక్షత్రాన్ని పట్టుకొని వచ్చిన రోజు. దీన్ని క్యాథలిక్కులు సాక్షాత్కార పండుగ అంటారు, మన దేశంలో జనవరి మొదటి వారపు ఆదివారం నాడు చేస్తారు. సి.ఎస్.ఐ., క్యాథలిక్, లూథరన్ సంఘాలకు ఈ క్రమం ఉంది. బాప్తిస్టు, పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి లేదు. వాళ్లకు డిసెంబరు అంటే సెమీ క్రిస్మస్‌లు, క్రిస్మస్, 31 రాత్రి ఆరాధన. అంటే పండుగ ఉంది గాని ఎదురుచూపు జారిపోయింది. మా లెక్కలో ఇది చిన్న నష్టం కాదు.

ఈ ప్రాంతానికి ప్రొటెస్టెంటు మతం ఎట్లా వచ్చిందో కొంచెం చెప్పాలి. రష్యా దేశపు మెన్నొనైట్ బ్రదరెన్‌కు చెందిన అబ్రహాం ఫ్రీజన్ 1890లో అమెరికన్ బాప్తిస్టు మిషన్ తరఫున నల్లగొండలో పని మొదలుపెట్టాడు. తర్వాత సూర్యాపేట ఆ మిషన్‌కు మరో కేంద్రమైంది. నల్లగొండ క్యాథలిక్ మేత్రాసనం 1976లో ఏర్పడింది. సంఘాల పేర్లు వేరైనా పల్లెల్లో చేరినవాళ్లు ఎక్కువగా మాల మాదిగలే. ఆనాడు వాళ్ల పగలు వాళ్లది కాదు. నిజాం రాజ్యంలో వెట్టి నడుస్తున్న కాలం. దొర కబురుకు ఆదివారం, సోమవారం తేడా ఉండదు. అందుకే తెలుగు పల్లెల్లో దళిత సంఘాలు పొద్దుగూకినంక, కూలి నుంచి వచ్చి, దీపం పెట్టుకొని కూడేవి. రాత్రి ఆరాధన మనకు మొక్కుబడి ఆచారంగా వచ్చింది కాదు, పగలు దొరకక వచ్చింది. లూకా సువార్తలో క్రీస్తు పుట్టిన వార్త మొదట చేరింది కూడా రాత్రి కాపలా కాస్తున్న పనివాళ్లకే. పశువుల కొట్టంలో జీతగాడుగా పండుకున్న తాతల మనుమలకు పశువుల తొట్టి అలంకారపు వస్తువు ఎట్లా అవుతుంది? పట్నం చర్చీల్లో గడ్డి పరిచి, రంగు బల్బులు పెట్టి చేసే పాకను చూసినప్పుడు మాకు ఈ సందేహమే వస్తుంది.

ఇక అసలు విషయం. లూకా పుట్టుక ఘట్టాన్ని ప్రభుత్వ ఉత్తర్వుతో మొదలుపెడతాడు. రోమా చక్రవర్తి జనసంఖ్య రాయమన్నాడు. ఎవరి ఊరికి వాళ్లు పోయి పేరు రాయించుకోవాలి. నిండు చూలాలు కూడా నడవాల్సిందే. ఈ భాగాన్ని ప్రతి క్రిస్మస్‌కు చదువుతారు, ప్రసంగం మాత్రం తొట్టి దగ్గరికి దుముకుతుంది. పట్టీ సంగతి ఎవరూ ఎత్తరు. దళిత క్రైస్తవుల సమస్యంతా ఆ పట్టీలోనే ఉంది గదా!

1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాళ్లను షెడ్యూల్డు కులాల నుంచి తీసేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటనే ఉండిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవాళ్లను బి.సి.-సి కింద పెట్టి ఒక శాతం ఇచ్చారు. తెలంగాణలోనూ అదే సాగింది. కాని ఎస్.సి.లకు కేటాయించిన సర్పంచి పదవికి, అసెంబ్లీ సీటుకు బి.సి.-సి మనిషి నిలబడలేడు. కొడితే అట్రాసిటీ కేసు నిలుస్తుందా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారినవాడికి ఆ చట్టం రక్షణ ఉండదని చెప్పింది. అంతకుముందు 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు, క్రైస్తవంలో ఉంటూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అన్నది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయమన్నది. అమలు చేయలేదు. 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేశారు.

దండోరా 1994లో మొదలుపెట్టిన వర్గీకరణ పోరాటం 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో చట్టంగా అమలుకు వచ్చింది. ఎస్.సి.లు మూడు గ్రూపులైనారు. చర్చి రిజిస్టరులో మాత్రమే ఉన్న మాదిగకు ఆ మూడింట్లో ఏదీ లేదు.

అందుకే వాడలో మనిషికి రెండు పేర్లు. బాప్తిస్మపు పేరు చర్చిలో, బడి పేరు సర్టిఫికెట్‌లో. 2024 నవంబరు 6న తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి సర్వే మొదలుపెట్టినప్పుడు మతం గడి, కులం గడి రెండూ ముందుకొచ్చాయి. ఆగమన కాలం ఆ సంవత్సరం డిసెంబరు 1న మొదలైంది. ఇక కేంద్రం 2025 జూన్ 16న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కులాలతో కూడిన జనాభా లెక్కకు మన ప్రాంతంలో ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఏం రాయించాలన్నది పండుగ ప్రసంగాలకు బయటి విషయమని ఏ సంఘమూ అనుకోవడానికి వీల్లేదు.

ఎదురుచూడటం అంటే చేతులు కట్టుకొని కూర్చోవడం అని కొందరు అయ్యగార్లు చెబుతుంటారు. ఆగమన కాలపు పాఠాలు అట్లా చెప్పవు. మరియ పాడిన పాటలో బలవంతులు గద్దెల మీంచి దిగిపోతారు, ఆకలిగొన్నవాళ్లు కడుపునిండా తింటారు, ధనవంతులు ఉత్త చేతులతో పోతారు. ఇది జోలపాట కాదు. మత్తయి రాసిన వంశావళిని చదవడానికి విసుగుపడతాం గాని, అందులో తామారు, రాహాబు వంటి స్త్రీలున్నారు. దళిత వేదాంతానికి మొదటి పునాదులు వేసిన అరవింద్ నిర్మల్ ఆ పేర్లనే చూపించి యేసు దళితత్వాన్ని వివరించాడు. కులం పేరు దాచుకొని చర్చికి వచ్చే మన పిల్లలకు ఈ వంశావళి చదివి వినిపించాలె.

ఈ కాలంలోనే మరో కాలెండరు నడుస్తుంటుంది. డిసెంబరు 6 అంబేడ్కర్ 1956లో కన్నుమూసిన రోజు. ప్రతి ఏడూ ఆగమన కాలంలోనే వస్తుంది. 1927 డిసెంబరు 25న మహద్‌లో ఆయన నాయకత్వాన మనుస్మృతిని తగలబెట్టారు. 1968 డిసెంబరు 25 రాత్రి తమిళనాడు కీళ్వెణ్మణిలో 44 మంది దళితులను గుడిసెలో పెట్టి కాల్చేశారు. వాళ్లు అడిగింది వరి కోతకు కొంచెం ఎక్కువ కూలి. మద్రాసు హైకోర్టు భూస్వాములను నిర్దోషులుగా వదిలేసింది. డిసెంబరు 28ని సంఘం హేరోదు చంపించిన పసిపిల్లల దినంగా పాటిస్తుంది. కీళ్వెణ్మణిలో కాలిపోయినవాళ్లలో పిల్లలున్నారు. వాళ్లు క్రైస్తవులు కారు గదా అనేవాళ్లకు, బేత్లెహేము పిల్లలు కూడా కారు అని మా జవాబు. వరి కోసి బతికిన వాడలో ఆనాటి ప్రార్థనలో ఆ 44 మందిని తలచుకోవడానికి ఏ బిషప్పు అనుమతీ అక్కర్లేదు. ఇక్కడ హార్వెస్టరు మిషన్లు వచ్చినంక కోత కూలే పోయింది, అది వేరే కథ.

ప్రత్యక్షత పండుగకు తెలుగు నేల మీద ఒక కట్టడమే ఉంది. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య దోర్నకల్‌లో కట్టించిన కెథీడ్రలుకు ఆ పండుగ పేరే పెట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశాడు. అన్యజనులకు వెలుగు కనిపించింది అనేది ఆ పేరులోని అర్థం. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిపి కట్టారని అందరూ మెచ్చుకుంటారు. మేమూ మెచ్చుకుంటాం. అయితే ఆ మేత్రాసనాన్ని నింపింది మాల మాదిగలు. భారతీయత అంటే గుడీ మసీదులేనా, వాడకు తనదైన కళ లేదా అని అడగాలె. గ్రామ దేవతల కొలుపుల వాద్యమని మిషన్ల కాలంలో డప్పును దూరం పెట్టారు. ఇప్పుడు కొన్ని పల్లెల్లో క్యారల్స్ వెంట డప్పు తిరిగి మోగుతున్నది.

జ్ఞానుల కథలో ఇంకొక భాగం ఉంది. హేరోదు వాళ్లను పిలిచి, బిడ్డ ఎక్కడున్నాడో కనుక్కొని వచ్చి చెప్పమన్నాడు. చెబితే చంపుతాడు. వాళ్లు మరో దారిన తమ ఊరికి పోయారు. మతం గడిలో హిందువని రాయించే కూలి తల్లిని బల్ల మీద నుంచి గద్దించే పాస్టరు ఈ భాగాన్ని మళ్లీ చదవాలని మా మనవి. దొంగ సర్టిఫికెట్లు తెచ్చుకోమని మేం చెప్పడం లేదు. పట్టుబడితే శిక్ష పడేదీ ఉద్యోగం పోయేదీ వాడ మనిషికే. కానీ ఆ తల్లి అబద్ధం ఆడిందా, లేక అడిగినవాడి ప్రశ్నలోనే కత్తి ఉన్నదా? ప్రత్యక్షత కాలం ఆదివారాల్లో, ఆరాధన అయిపోయినంక చాప మీదనే కూర్చొని, స్త్రీల సమాజం, యువకులు, మతం మారని అన్నదమ్ములు కలిసి మాట్లాడవలసింది ఈ ప్రశ్ననే. 2027 ఫిబ్రవరిలో ఎన్యూమరేటరు తలుపు కొట్టేలోగా.