వరద తీసిందా? తొందరపడకండి!

నీళ్ళు తగ్గాయని తెలియగానే ఇల్లాలికి కాలు ఒకచోట నిలవదు. బియ్యం డబ్బా ఏమయిందో, బీరువాలో చీరలు తడిశాయేమోనని ఒకటే ఆరాటం! 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలోనే ఉండిపోయాయి. ఇలాంటప్పుడు చీపురు పట్టుకుని ముందుగా బురదలోకి దిగేది ఎవరు? మనమే కదా! అందుకే వరద వచ్చినప్పుడు ఎంత జాగ్రత్త కావాలో, తీశాకా అంతే కావాలి.

నీళ్ళు రాకముందే...

మెయిన్ స్విచ్ ఆపండి. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి. రేషన్ కార్డు, ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, పెద్దవాళ్ళ మందులు ఒకే ప్లాస్టిక్ సంచిలో కట్టి చేతికందేలా ఉంచుకోండి. ఇల్లు ఖాళీ చెయ్యమంటే సామాన్ల కోసం ఆగొద్దు.

తిరిగి వెళ్ళాక...

మెయిన్ స్విచ్ దగ్గర నీళ్ళు నిలిచి ఉంటే దాని జోలికి వెళ్ళకుండా కరెంటువాళ్ళకి కబురు చేయండి. నీళ్ళలో మునిగిన ఫ్రిజ్, మిక్సీ, మోటారు పైకి ఆరినట్టే ఉంటాయి గానీ లోపల తడి పోదు. ఎలక్ట్రీషియన్ చూశాకే వాడాలి. గ్యాస్ వాసన వస్తే తలుపులు బార్లా తీసి బయటికి వచ్చెయ్యండి. ఏ స్విచ్చీ వెయ్యకండి.

మూలల్లో, బట్టల కుప్పల కింద పాములు దూరి ఉండొచ్చు. కర్రతో కదిపి చూశాకే చెయ్యి పెట్టండి. వట్టి కాళ్ళతో బురదలో దిగొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు చిన్న గాయానికి తగిలినా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. తర్వాతి రెండు మూడు వారాల్లో జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే వరద నీళ్ళలో తిరిగిన సంగతి డాక్టరుకి తప్పక చెప్పండి.

బాత్‌రూమ్ కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్‌లో యాసిడ్ కలపకండి. అందులోంచి వచ్చే విషవాయువు ఊపిరాడనివ్వదు.

వంటింట్లో...

వరద నీళ్ళు చేరిన బియ్యం, పప్పులు, మందులు పారెయ్యాల్సిందే. ఏడాదికి పెట్టుకున్న ఆవకాయ పారబోయడానికి మనసొప్పదు, నిజమే. కానీ జాడీలోకి నీళ్ళు వెళ్ళాయంటే ఇక ఆశ వదులుకోవాలి. తాగేనీళ్ళు తేర్చి, బట్టతో వడకట్టి, తెర్లు కాగాక మరో నిమిషం ఉంచి దించండి. పిల్లలకి విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. పట్టండి. అది లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలపండి. చెంచాలు తలగొట్టి కొలవాలి సుమా!

ఇల్లు ఒక్కరోజులో అద్దంలా అయిపోనక్కర్లేదు. కరెంటు సంగతి తేలాక, పని ఇంట్లో పెద్దవాళ్ళంతా పంచుకుని నాలుగు రోజులు పట్టినా నిదానంగా చేసుకోండి.