పాత డీజిలు జీపు ఉదయము త్వరగా స్టార్టు కానిచో

కాటారం మండలములో ప్రత్తి ఏరు దినములలో తెల్లవారకముందే కూలీలను చేలకు చేర్చునవి చాలవరకు పాత బండ్లే. కమాండరు జీపు కానిండు, మొదటి రోజుల బొలేరో కానిండు, పగలు ఎరువు బస్తాలు మోయుచు, రాత్రి అవసరము పడినచో పురిటినొప్పుల మనిషిని భూపాలపల్లి ఆస్పత్రికి చేర్చునది కూడ అదే బండి. పుష్యమాసపు చలిలో సెల్ఫు ఎంతసేపు కొట్టినను ఇంజను అందుకొననిచో ఎంత ఇబ్బందియో రైతు సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అట్టి సమయమున పలువురు చేయు మొదటి పని కొత్త బాటరీ కొనుట. మా పరిధిలోని ఒక రైతు అట్లే కొనెను. పది దినములు బండి బాగుగనే స్టార్టు అయ్యెను. తరువాత మరల మొదటి కథయే. చూడగా, ఇంజను నుండి చాసిస్‌కు పోవు ఎర్తు పట్టీ బోల్టు వదులై, దాని క్రింద తుప్పు పట్టియున్నది. గరుకు కాగితముతో రుద్ది బిగించగా సరిపోయినది. పాత బాటరీ అప్పటికే మారకములో పోయినది!

కనుక పానా పట్టుటకు ముందు చెవియొగ్గి వినుడు. సెల్ఫు కొట్టినపుడు ఇంజను బరువుగా, ఈడ్చుచు తిరుగుచున్నదా? లేక చురుకుగా తిరుగుచునే అందుకొనకున్నదా? ఈ రెండును వేరువేరు జబ్బులు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. పిస్టను గాలిని సుమారు ఇరువదవ వంతునకు నొక్కగా ఆ గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడెక్కును. అందులో చిమ్మిన డీజిలు తనంత తానే అంటుకొనును. ఇంజను మెల్లగా తిరిగినచో ఆ వేడి చల్లని సిలిండరు గోడలలోనికి జారిపోవును. చలిదినములలో బాటరీ బలము కొంత తగ్గును, ఆయిలు చిక్కబడును. అందుచేత వేసవిలో కనిపించని లోపము డిసెంబరులో బయటపడుచున్నది.

ఇంజను బరువుగా తిరుగుచున్నచో బాటరీ కొనలు చూడుడు. తెల్లని పొడి చేరియున్నచో ముందు నెగటివు తీగ, తరువాత పాజిటివు తీగ విప్పి, వేడినీటిలో వంటసోడా కలిపి కడిగి ఆరబెట్టుడు. సోడానీరు బాటరీ గదులలోనికి పోరాదు. బిగించునపుడు నెగటివు చివర రావలెను. మల్టీమీటరు ఒకటి కొని ఇంట నుంచుకొనుట మంచిది. రాత్రంతయు ఆగిన బండిలో బాటరీ 12.6 వోల్టులు చూపినచో నిండుగా నున్నట్లు, 12.2 అయినచో సగమే. సెల్ఫు కొట్టునపుడు 9.6 కంటె దిగినచో బాటరీని అనుమానింపవచ్చును. దిగకున్నను ఇంజను ఈడ్చుచున్నచో మీటరు ఒక కొనను బాటరీ నెగటివు మీదను, రెండవ కొనను ఇంజను ఇనుము మీదను పెట్టి మరల సెల్ఫు కొట్టించుడు. అర వోల్టుకు మించి చూపినచో దోషము ఎర్తు తీగది. ఇంజను నడచుచుండగా బాటరీ వద్ద 13.8 నుండి 14.5 వోల్టులు రానిచో బెల్టును, ఆల్టర్నేటరును చూపింపుడు. ఇవన్నియు సరిగా నున్నపుడే సెల్ఫు మోటారు విప్పించవలెను.

ఇంజను చురుకుగా తిరిగియు అందుకొననిచో పొగగొట్టము వంక చూడుడు. తెల్లపొగ వచ్చుచున్నచో డీజిలు చేరుచున్నది, వేడి చాలలేదు. హీటరు ప్లగ్గులున్న బండియైనచో వాటిని ఒక్కొక్కటిగా పరీక్ష చేయింపుడు. నాలుగింటిలో రెండు పోయినను బండి చలిలో మొండికేయును. బొత్తిగా పొగ లేనిచో డీజిలే చేరుటలేదు. దీనికి తేలికైన పరీక్ష యున్నది: ఉదయము సెల్ఫు ముట్టకముందు ఫిల్టరు వద్ద చేతిపంపును గట్టిపడువరకు నొక్కుడు. అటుపిమ్మట వెంటనే స్టార్టు అయినచో రాత్రిపూట గొట్టములోనికి గాలి చేరుచు, డీజిలు ట్యాంకులోనికి వెనుకకు జారుచున్నదన్నమాట. పగిలిన రబ్బరు గొట్టము, వదులు క్లిప్పు, ఫిల్టరు వాషరు వెదకుడు. డీజిలు బొట్టు బయటికి కారకున్నను గాలి లోనికి పోగలదు. చాలమంది మెకానికులు కూడ ఇక్కడనే పొరబడుదురు.

క్యానులలో నిలువచేసిన డీజిలు పోయువారు అడుగున దిగిన నీటిని బండిలో పోయకుడు. ఫిల్టరు అడుగు మర వదలుచేసి అప్పుడప్పుడు నీరు తీసివేయుడు.

ఇసుక లారీల దుమ్ములో తిరుగు బండికి ఎయిరు ఫిల్టరును పుస్తకములో చెప్పిన దానికంటె ముందుగనే చూడవలెను. ఆయిలు మాత్రము కంపెనీ చెప్పిన గ్రేడునే పోయుడు. చిక్కనిది మంచిదను మాట చలికాలమున పనికిరాదు.

సెల్ఫు పది సెకండ్లకు మించి కొట్టరాదు. అర నిమిషమైనను ఆగి మరల కొట్టుడు. గాలిగొట్టములో ఈథరు చిమ్ముట, మండు గుడ్డ పెట్టుట చూచితిని. హీటరు ప్లగ్గులు వేడెక్కియుండగా ఈథరు ప్రేలి పిస్టను రింగులను విరువగలదు. బాటరీ దగ్గర బీడీ కూడ ముట్టింపరాదు. అందుండి వచ్చు హైడ్రోజను వాయువు అంటుకొనును.

ఇన్ని చూచినను మార్పు లేనిచో మిగిలినవి నాజిళ్లు, టాపెట్ల సందు, కంప్రెషను. ఇంజను విప్పుదమని మెకానికు అన్నప్పుడు, ముందు కంప్రెషను గేజి పెట్టి నాలుగు సిలిండర్ల అంకెలును కాగితముపై వ్రాసి ఇమ్మని అడుగుడు.