తాడు లాగలేక తంటాలా?

రాత్రి ఎనిమిది గంటలు. పొయ్యిమీద చారు మరుగుతోంది. పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. టప్పున కరెంటు పోయింది. ఇంట్లో జనరేటరు ఉంది, అందులో పెట్రోలూ ఉంది. దాన్ని స్టార్టు చేసే మగవాళ్ళే ఇంట్లో లేరు! మీరే వెళ్ళి తాడు లాగుతారు. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు... భుజం పీకుతుందే తప్ప ఇంజను ఉలకదు, పలకదు. "ఇది మన వల్ల అయ్యే పని కాదులే" అనుకుని కొవ్వొత్తి వెలిగించి కూర్చుంటారు. అవునా?

అలా అనుకోకండి. తాడు లాగటానికి కండబలం కంటే ఒడుపు ముఖ్యం. ఆ ఒడుపు తెలియక మా పిన్ని ఎంత అవస్థ పడిందో వినండి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిపోయింది గుర్తుందా? పిన్ని వాళ్ళు మేడమీద చిక్కుకుపోయారు. బాబాయి హైదరాబాదులో ఉన్నారు. అత్తగారికి ఉబ్బసం, రోజూ నెబ్యులైజర్ పెట్టాలి. కింది వాటా అబ్బాయి సాయం పట్టి జనరేటర్ని డాబామీదికి చేర్చారు. అరగంట లాగినా స్టార్టు కాలేదు. చివరికి ఆ అబ్బాయే తన మోటారు సైకిల్లోంచి అంతకుముందే తీసి ఉంచిన పెట్రోలు పోసి చూశాడు. మూడో లాగుడుకే అందుకుంది! జనరేటర్లో ఉన్నది సంక్రాంతికి పోయించిన పెట్రోలు. అంటే ఎనిమిది నెలల నాటిది. తప్పు పిన్ని చేతులది కాదు, పెట్రోలుది.

చలి నెపం చెప్పకండి

"పొద్దున్నే చలికి స్టార్టు కావటం లేదు" అంటుంటాం. అమెరికాలో మంచు పడే ఊళ్ళలో ఉన్న మన పిల్లలు అంటే అర్థముంది. వాకిట్లో మంచు తోసే యంత్రానికీ ఇలాంటి తాడే ఉంటుంది. అక్కడి చలికి ఇంజను ఆయిల్ చిక్కబడి తాడు బిగుసుకుపోతుంది. అందుకే చాలా యంత్రాలకు గోడ ప్లగ్గులో వైరు పెట్టి, బటన్ నొక్కి స్టార్టు చేసే ఏర్పాటు ఉంటుంది. మన కృష్ణా తీరంలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా అంత చలి ఎక్కడిదండీ! మన దగ్గర మొండికేసేది చాలావరకు నిలవ పెట్రోలు వల్లే. పెట్రోలు నిలవుంటే తేలిగ్గా ఆవిరయ్యే భాగం ఎగిరిపోయి, మిగిలింది కార్బొరేటర్లో జిగురులా పేరుకుంటుంది. పైగా ఇప్పుడు బంకుల్లో ఇస్తున్నది ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. మన సముద్రపు గాలికి అది ఇంకా తొందరగా పాడవుతుంది.

ఇలా స్టార్టు చెయ్యండి

ముందు పైట చెంగు బొడ్లో దోపుకోండి. గాజులు పైకి నెట్టుకోండి.

1. జనరేటర్ని సమంగా ఉన్న చోట పెట్టి ఆయిల్ చూడండి. చాలా మోడళ్ళలో ఆయిల్ తగ్గితే ఇంజను స్టార్టు కాకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. ఇది తెలియక ఎంతమంది మెకానిక్కుకు కబురు పెడతారో!

2. జనరేటరుకు తగిలించిన ఫ్యాన్లు, లైట్ల వైర్లు తీసెయ్యండి. బరువు నెత్తిన పెట్టుకుని ఎవరు లేవగలరు?

3. పెట్రోల్ కాక్ తెరవండి, స్విచ్ ఆన్ చెయ్యండి. ఇంజను చల్లగా ఉంటే చోక్ పూర్తిగా మూయండి. వేడిగా ఉంటే చోక్ అక్కర్లేదు.

4. ఒక చేత్తో జనరేటర్ని అదిమిపట్టండి. తాడును ముందు నెమ్మదిగా లాగండి. ఒకచోట గట్టిగా తగులుతుంది. అక్కడ ఆపి, తాడును మెల్లిగా లోపలికి వెళ్ళనిచ్చి, అప్పుడు ఒక్క ఊపున లాగండి. కిటుకంతా ఇందులోనే ఉంది. పిడిని మటుకు వదిలెయ్యకండి, చేత్తోనే వెనక్కి పంపండి.

5. అందుకున్నాక చోక్ కొద్దికొద్దిగా తెరవండి. రెండు మూడు నిమిషాలు ఆగి అప్పుడు వైర్లు తగిలించండి.

పదిసార్లు లాగినా కాకపోతే పెట్రోలు ఎక్కువై ప్లగ్ తడిసి ఉంటుంది. చోక్ తెరిచి నాలుగైదుసార్లు లాగండి. అప్పటికీ కాకపోతే ప్లగ్ విప్పి, పొడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి బిగించండి.

కిరోసిన్‌తో నడిచే పాత జనరేటర్లు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. అవి పెట్రోలుతో స్టార్టయి, వేడెక్కాక కిరోసిన్‌కు మారతాయి. ఆపేముందు మళ్ళీ పెట్రోలుకు మార్చి కాసేపు నడిపి ఆపాలి. లేకపోతే కార్బొరేటర్లో కిరోసిన్ మిగిలిపోతుంది. మర్నాడు ఎంత లాగినా కదలదు.

సెల్ఫ్ స్టార్టు పెట్టించుకోవచ్చా?

1912 నాటి కాడిలాక్ కారుకు చార్లెస్ కెట్టరింగ్ తయారు చేసిన సెల్ఫ్ స్టార్టరు అమర్చాక, హాండిల్ తిప్పలేని ఆడవాళ్ళకు కారు నడపటం తేలికైంది. మనకు 1984లో కైనెటిక్ హోండా వచ్చాక కిక్కు కొట్టే బాధ తప్పినట్టే! మరి మన జనరేటరుకో?

పెట్టించుకోవచ్చు, కానీ అన్నిటికీ కుదరదు. తాళంచెవి తిప్పితే స్టార్టయ్యేలా చెయ్యాలంటే ఇంజను పక్కన స్టార్టరు మోటారు బిగించే చోటుండాలి. ఫ్లైవీలుకు పళ్ళ చక్రం ఉండాలి. పైగా రిలే, 12 వోల్టుల బ్యాటరీ, దాన్ని ఛార్జి చేసే కాయిల్ కావాలి. మీ ఇంజను రకమే తాళంచెవి మోడల్‌గా కూడా దొరుకుతుంటే ఆ సామాన్లు దీనికీ సరిపోయే అవకాశం ఉంది. కంపెనీ డీలరును మోడల్ నంబరు చెప్పి అడగండి. చేతిలో పట్టుకెళ్ళే చిన్న జనరేటర్లకు సాధారణంగా ఆ చోటే ఉండదు. ఎవరో వెల్డింగ్ చేసి పెడతానంటే ఒప్పుకోకండి. అమెరికా యంత్రాల్లా గోడ ప్లగ్గు ఏర్పాటు మనకు పనికిరాదు. కరెంటు పోయినప్పుడే కదా జనరేటరు కావాలి!

సెల్ఫ్ స్టార్టు ఉన్నా తాడును మటుకు తీయించకండి. నెలల తరబడి వాడకపోతే బ్యాటరీ దిగిపోతుంది. సరిగ్గా తుఫాను రాత్రే అది మొరాయిస్తుంది. ఆ ఖర్చు ఎందుకనుకునేవారు లైట్లు, ఫ్యాన్లకు ఇన్వర్టరు వాడుకుని, జనరేటర్ని తుఫాన్లకు దాచుకోండి.

ప్రాణాలతో చెలగాటం వద్దు

జనరేటర్ని గదిలో, మూసిన వసారాలో, మెట్ల కింద ఎప్పుడూ నడపకండి. వాన పడుతోందని లోపల పెట్టుకున్నవాళ్ళు నిద్రలోనే ప్రాణాలు పోగొట్టుకున్న సంగతులు వింటూనే ఉన్నాం. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. తల తిరిగినట్టనిపించేసరికే లేచి నడిచే శక్తి ఉండదు. ఇంటికి దూరంగా, ఆరుబయట, వానపడని చోట పెట్టండి. పెట్రోలు పోసేముందు ఆపి, చల్లారనివ్వండి.

జనరేటరు వైరును ఇంటి గోడ ప్లగ్గులో గుచ్చే అలవాటు ఉంటే ఇవాళే మానండి. మీ కరెంటు బయటి లైన్లలోకి ఎక్కి, స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌ను చంపవచ్చు. అతనికీ ఇంట్లో ఎదురుచూసే ఇల్లాలు ఉంటుంది కదా! లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి.

నెలకో పూట

1977 దివిసీమ ఉప్పెన నుంచి, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ దాకా తుఫాన్లు మనకు కొత్త కాదు. అందుకే నెలకొకసారి, గ్యాస్ పొయ్యి బర్నర్లు కడిగే రోజునే, జనరేటర్ని పదిహేను నిమిషాలు నడపండి. ఎక్కువ రోజులు వాడకపోతే కాక్ మూసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపండి. టాంకులో మిగిలింది తీయించి బండిలో పోయించండి. పాతది నిలవ ఉంచకండి.

మా పిన్ని ఇప్పుడు ప్రతినెలా తనే తాడు లాగుతుంది. "చూడవే, రెండో లాగుడుకే!" అని నాకు ఫోన్ చేసి మరీ చెబుతుంది. ఈ ఆదివారం మీరూ లాగి చూడండి. కరెంటు ఉన్నప్పుడే నేర్చుకుంటే, లేనప్పుడు చీకట్లో కూర్చోనక్కర్లేదు.